గానుగ సున్నం నుంచి సిమెంటు దాకా: మన గోదావరి ఇళ్లు

స్వర్ణోత్సవ సంచికకు ఏదైనా రాయమని కమిటీ మిత్రులు అడిగినప్పుడు, బడి జ్ఞాపకాలు నాకంటే బాగా రాసేవాళ్లు చాలామంది ఉన్నారు కదా అన్నాను. "నువ్వు ఇంజనీరువి, ఇళ్ల గురించే రాయవోయ్" అన్నారు. సరేనన్నాను. ఒప్పుకోవడానికి ఇంకో కారణం కూడా ఉంది. మన బడిలో పాత బ్లాకును పడగొట్టాలా, బాగు చేయించాలా అన్న ప్రశ్న రెండేళ్లుగా సంఘం సమావేశాల్లో నలుగుతోంది. దాన్ని చూసి చెప్పమని నాకు అప్పగించారు. నా అభిప్రాయం చెప్పేముందు, అలాంటి కట్టడాలు ఎలా తయారయ్యాయో, మనం ఇప్పుడు కడుతున్నవి వాటికంటే ఎందులో మేలో, ఎందులో కావో నలుగురికీ తెలియడం మంచిదనిపించింది.

కాలువలు తెచ్చిన ఇళ్లు

మన డెల్టాలో పెద్ద ఇళ్ల చరిత్ర కాలువలతో ముడిపడి ఉంది. సర్ ఆర్థర్ కాటన్ ఆధ్వర్యంలో 1847లో మొదలైన ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది. ఆ ఆనకట్టకు గాని, వైనతేయ పాయ మీదుగా కాలువ నీటిని దాటించడానికి పి.గన్నవరం దగ్గర 49 కమానులతో కట్టిన పాత అక్విడక్టుకు గాని ఒక్క బస్తా సిమెంటు వాడలేదు. రాయి, ఇటుక, సున్నం, ఇంతే. కొత్త బ్యారేజీ వచ్చేదాకా, అంటే దాదాపు నూటపాతికేళ్లు, ఆ సున్నపు కట్టడమే మనకు నీళ్లిచ్చింది.

నీళ్లొచ్చాయి, పంటలొచ్చాయి. రెండు తరాలు గడిచేసరికి చేతిలో నాలుగు డబ్బులు ఆడిన రైతులు ఊరూరా మండువా లోగిళ్లు లేపారు. ఆ ఇళ్ల సామాను కూడా నీటి మీదే వచ్చింది. ఏజెన్సీ అడవుల్లో కొట్టిన కలపను తెప్పలుగా కట్టి గోదావరిలో వదిలితే రాజమండ్రి చేరేది. రంగూన్ టేకు ఓడల్లో కాకినాడకు వచ్చి, అక్కడినుంచి కాలువ పడవల మీద ఊళ్లలోకి వచ్చేది. 1865లో బాసెల్ మిషన్ వారు మంగుళూరులో మొదలుపెట్టిన పెంకుల కర్మాగారం పుణ్యాన నాటు గూనపెంకు పక్కకు తప్పుకుని పలక పెంకు వచ్చింది. మంగుళూరు పెంకు మన నోళ్లలో బెంగుళూరు పెంకు అయి కూర్చుంది.

పద్దుల పుస్తకం

మా ముత్తాతగారు ఇల్లు కట్టినప్పటి పద్దుల పుస్తకం ఒకటి మా తాతగారి భోషాణంలో ఉండేది. చిన్నప్పుడు దాన్ని చదివి నవ్వుకునేవాణ్ని. ఇటుకలు, దూలాలు, మేకులతోపాటు బెల్లం, కరక్కాయలు, కోడిగుడ్లు కూడా రాసి ఉండేవి. ఇల్లు కడుతూ విందులు చేసుకున్నారేమో అనుకున్నాను. అవన్నీ గోడల్లోకి వెళ్లాయని కాకినాడలో ఇంజనీరింగ్ చదివేటప్పుడు గాని తెలియలేదు.

పని ఇలా సాగేది. ముందు చెరువు తవ్వి, ఆ మట్టితో ఇంటిస్థలం మెరక చేసేవారు. ఒక వర్షాకాలం దానిమీద కురిసి, మట్టి అణిగాక పునాది తీసేవారు. వెదురును, తాటి మొద్దులను నెలల తరబడి నీటిలో నానవేసి, తీసి ఆరబెట్టేవారు. పురుగు పట్టకుండా అదే మందు. సున్నపురాయిని బట్టీలో సుమారు 900 డిగ్రీల వేడిలో కాల్చి, నీళ్లు పోసి విరిసేలా చేసి, ఇసుకతో కలిపి గానుగలో వేసేవారు. తీరానికి దగ్గర ఊళ్లలో గుల్ల సున్నం వాడేవారు. గుండ్రటి గాడిలో రాతి చక్రాన్ని ఎద్దులు తిప్పుతుంటే, వేలికి ఇసుక పలుకు తగలకుండా వెన్నలాగా అయ్యేదాకా నూరేవారు. నీరు తగిలేచోట ఇటుక పొడి కలిపేవారు. బెల్లం నీళ్లు, కరక్కాయ నీళ్లు సున్నానికి జిగిని, గట్టిదనాన్ని ఇచ్చేవి. నున్నటి పైపూతకు గుడ్లసొన.

గోడ మూరెడు మందం. ఆ మందం మండువేసవి ఎండను మధ్యాహ్నమంతా తనలోనే ఆపుకుని, లోపలికి రాత్రి పొద్దుపోయాక గాని పంపదు. ఇంటి నడుమ మండువా. నాలుగు వైపుల చూరునీళ్లు అందులో పడి తూము గుండా దొడ్లోకి పోయేవి. వేడిగాలి పైకి పోవడానికీ, గదుల్లోకి వెలుతురు రావడానికీ అదే దారి.

డాబా కావాలంటే మద్రాసు టెర్రస్ వేసేవారు. టేకు దూలాల మీద పలచటి చిన్న ఇటుకలను నిలువుగా, ఐమూలగా, సున్నంతో పేర్చి, దానిమీద ఇటుక ముక్కల సున్నపు కాంక్రీటు పరిచేవారు. ఆడవాళ్లు వరుసగా కూర్చుని చెక్క దిమ్మిసలతో రోజుల తరబడి దాన్ని కొట్టేవారు. దిమ్మిస వెనక్కి ఎగిరిందంటే పని అయినట్టు. మన బడి పాత బ్లాకు కప్పు ఇలాంటిదే. ఫ్యాను లేని ఆ గదిలో ఏప్రిల్ నెల మధ్యాహ్నం లెక్కల మాస్టారి క్లాసులో మనకు నిద్ర ముంచుకొచ్చిందంటే, తప్పు మనది కాదు, ఆ కప్పుది.

సిమెంటు వచ్చాక

పోర్ట్‌లాండ్ సిమెంటుకు 1824లోనే ఇంగ్లండులో పేటెంటు ఇచ్చారు. మన దేశంలో 1914లో పోర్‌బందర్ కర్మాగారంతో తయారీ కుదురుకుంది. 1930ల చివర విజయవాడ దగ్గర కూడా సిమెంటు కర్మాగారం వచ్చింది. అయినా పల్లెటూరి ఇంటి గడప తొక్కడానికి దానికి ఇంకో ముప్పై ఏళ్లు పట్టింది.

సున్నం గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకుంటూ ఏళ్ల తరబడి గట్టిపడుతుంది. మళ్లీ రాయిగా మారుతుందన్నమాట. సన్నటి పగులు వస్తే, వాన నీటిలో కరిగిన సున్నం అక్కడే పేరుకుని కొంత పూడ్చుకుంటుంది. గోడలోకి ఎక్కిన చెమ్మను బయటకు పోనిస్తుంది. సిమెంటుకు అంత ఓపిక లేదు. గంటల్లో బిగుసుకుని, 28 రోజుల్లో చాలావరకు బలం తెచ్చుకుంటుంది. దానిలో ఇనుప చువ్వలు వేస్తే, సున్నపు గోడ ఎప్పుడూ చేయలేని పని చేస్తుంది, లాగుడును తట్టుకుంటుంది. పాత ఇళ్లలో గదులు పది పన్నెండు అడుగుల వెడల్పు దాటకపోవడానికి కారణం దూలం పొడవు. ఈనాడు ఇరవై అడుగుల హాలు, బయటకు చొచ్చుకొచ్చిన బాల్కనీ, అయిదంతస్తుల అపార్టుమెంటు కడుతున్నామంటే అది ఇనుము, కాంక్రీటు కలిసి చేసిన పని.

నిలిచినవే చూస్తున్నాం

"ఆ రోజుల్లో కట్టినవి చూడండి, వందేళ్లయినా చెక్కుచెదరలేదు" అని మనవాళ్లు అంటూంటారు. ఒకటి మరచిపోతాం. వందేళ్ల తర్వాత మనకు కనిపించేవి నిలిచిన ఇళ్లే. పడిపోయినవి కనిపించవు. రాజమండ్రిలో వీరేశలింగం పంతులుగారి ఇల్లు, ఆయన 1890లో కట్టించిన టౌన్ హాలు ఉన్నాయి. అదే కాలంలో మన ఊళ్లలో ఎక్కువమంది బతికింది తాటాకు పాకల్లో, మట్టి గోడల మధ్య. వేసవిలో ఒక పాక అంటుకుంటే పేటంతా తగలబడేది. 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులకు పైగా వరద వచ్చినప్పుడు నేను ఇంటర్మీడియట్ చదువుతున్నాను. లంకల్లో మట్టిగోడలు నీళ్లలో బెల్లంలా కరిగిపోవడం కళ్లారా చూశాను. 1996 నవంబరు 6 తుపాను రాత్రి కోనసీమలో కొబ్బరిచెట్లతోపాటు లక్షల ఇళ్లు పోయాయి. బెంగుళూరు పెంకులు కాగితాల్లా లేచిపోయాయి. ఊళ్లో నలుగురూ తలదాచుకున్నది ఎవరిదో ఒకరి స్లాబు ఇంట్లోనే. పేదవాడికి కాలిపోని, ఎగిరిపోని కప్పు ఇచ్చింది సిమెంటే. పాత ఇళ్లను పొగిడేటప్పుడు ఈ మాట దాచకూడదు.

నేను చేసిన రెండు తప్పులు

ఉద్యోగంలో చేరిన కొత్తలో మా తాతగారి ఇంటి గోడలు అడుగున పెచ్చులూడుతుంటే, సున్నం మేస్త్రి కోసం ఎవరు తిరుగుతారని, సిమెంటుతో గట్టిగా పూత పెట్టించాను. తాతగారు "గోడకు ఊపిరాడదురా" అన్నారు. నేను నవ్వాను. పూత బయటకు బాగానే ఉంది. నేలలోంచి ఎక్కిన చెమ్మ బయటకు పోయే దారి లేక గోడలోనే పైపైకి పాకింది. పదేళ్లలో ఇటుక ఉప్పు పొర పట్టి పిండిలా రాలింది, దూలాల చివర్లకు చెదలు పట్టాయి. పడమటింటి గోడ వాలాక ఇల్లు తీసేయక తప్పలేదు. నూరేళ్ల ఇంటిని పడగొట్టింది కాలం కాదు, నేను.

రెండోది మన బడికి సంబంధించినది. 1990 వేసవిలో మన సంఘం చందాలతో నాలుగు గదుల కొత్త బ్లాకు కట్టింది. నేను ఇంజనీరింగ్ విద్యార్థిని కాబట్టి సెలవుల్లో పని చూసుకోమన్నారు. కాంక్రీటుకు వాడిన బోరునీళ్లు ఉప్పగా ఉన్నాయని నాకు తెలుసు. స్లాబు చువ్వల కింద పెట్టాల్సిన బిళ్లలు చాలాచోట్ల పెట్టలేదని చూశాను. పెద్దవాళ్ల ముందు నోరెత్తడానికి జంకాను. నాలుగు రోజులకే నీళ్లు కట్టడం ఆపేశారు.

దాని ఫలితం ఈమధ్య చూశాను. కొత్త బ్లాకు స్లాబు అడుగున నిలువు గీతల్లో పగుళ్లు, రెండు గదుల్లో పెచ్చులూడి చువ్వలు బయటపడ్డాయి. మన సైన్సు ల్యాబు నుంచే ఫినాఫ్తలీన్ తెచ్చి, కొత్తగా పెచ్చు కొట్టినచోట చల్లాను. మంచి కాంక్రీటైతే గులాబీ రంగు రావాలి. చువ్వ దాటేదాకా రంగు రాలేదు. చువ్వను కాపాడే క్షారగుణం పోయిందని అర్థం. ఉప్పు తోడైతే తుప్పు ఇంకా వేగం. తుప్పు పట్టిన ఇనుము రెండింతల నుంచి ఆరింతల దాకా ఉబ్బి, కాంక్రీటును లోపలినుంచే పగలగొడుతుంది.

పాత బ్లాకుకు వస్తే, గోడలు తూకం గుండుకు సరిగ్గా నిలబడ్డాయి. పునాది దిగలేదు. కప్పు నీళ్లు పోయే గొట్టం మూసుకుపోయి, ఆ మూల రెండు దూలాల చివర్లు చెడ్డాయి. మధ్యలో ఎవరో వేసిన సిమెంటు అతుకు పగిలి కారుతోంది. పిట్టగోడలో ఒక రావిమొక్క ఉంది. జబ్బు ఇంతే.

నా మాట

ఇంతకాలం మనం వాదించుకున్నది పాత బ్లాకు గురించి. భయపడాల్సింది కొత్త బ్లాకు గురించి. ఆ నాలుగు గదుల్లో ఇప్పటికీ పిల్లలు కూర్చుంటున్నారు. వాటిని వెంటనే ఖాళీ చేయించి, స్ట్రక్చరల్ నిపుణులతో పరీక్ష చేయించాలి. నా పరీక్ష ఒక్కటే చాలదు. పైగా ఆ కట్టడంలో నా చేయి ఉంది కాబట్టి వేరేవాళ్లు చూడడమే న్యాయం. పాత బ్లాకుకు దూలాలు మార్చి, సిమెంటు అతుకు తీసేసి, సున్నంతోనే బాగు చేయించాలి. గానుగ సున్నం పని తెలిసిన తాపీమేస్త్రులు మన జిల్లాల్లో వేళ్ల మీద లెక్కపెట్టేంతమందే మిగిలారు. వాళ్ల దగ్గర ఇద్దరు కుర్రాళ్లు పని నేర్చుకున్నా ఆ డబ్బు వృథా కాదు.

కొత్తగా ఇల్లు కట్టుకునే మిత్రులకు నాలుగు మాటలు. నోటికి ఉప్పగా తగిలే నీళ్లను కాంక్రీటులో పోయకండి. సముద్రపు గాలి నేరుగా తగిలేచోట చువ్వకు 45 మిల్లీమీటర్ల కవర్, కనీసం ఎం30 కాంక్రీటు ఉండాలని మన కోడ్ చెబుతోంది. ఇప్పుడు దొరికే పీపీసీ సిమెంటుకు కనీసం పదిరోజులు తడి ఆరనివ్వకండి. మండువా ఇల్లు మిగిలినవాళ్లు దానికి సిమెంటు పూయకండి. మా ముత్తాతగారు మెరక మట్టి అణగడానికే ఒక వర్షాకాలం ఆగారు. మనం పదిరోజులు నీళ్లు కట్టడానికి ఆగలేకపోతున్నాం. రెండు కాలాల కట్టడాలకూ నాకు కనిపించే అసలు తేడా అదే.

1990లోనే అనాల్సిన మాట ఇప్పుడు అంటున్నాను. వచ్చే జూన్‌లో బడి తెరిచేలోగా ఆ నాలుగు గదులకు తాళం పడాలి. సంఘం సభ్యులందరూ ఈసారి సమావేశానికి తప్పకుండా రావలసిందిగా ప్రార్థన.