డిస్కు సర్దుబాటు, రిజిస్ట్రీ శుద్ధి

మార్కాపురము పలకలకు పేరు పొందిన ఊరు. అక్కడి గనులలోని రాయి పొరలుపొరలుగా విడివడును. దానిని కోసి, నునుపు చేసి, చట్రము బిగించి దూరప్రాంతముల బడులకు పంపెడివారు. 2000 తరువాతి దశాబ్దములో ప్రభుత్వ ఉన్నత పాఠశాలలకు కంప్యూటర్లు రాసాగినవి. మార్కాపురము, కంభము, గిద్దలూరు బడుల బల్లలపై అవి పాతబడిన కొలది, పలకను తుడిచినట్లే వానిని కూడ అప్పుడప్పుడు తుడువవలెనన్న నమ్మకము బలపడినది. యంత్రము కాస్త నెమ్మదించినచో చాలు, "డీఫ్రాగు చేయుము, రిజిస్ట్రీ క్లీనరు వేయుము" అను సలహా సిద్ధము. ఈ రెండు చికిత్సలను ఒకే గాటను కట్టుట సరికాదు. మొదటిదానికి భౌతికమైన కారణము ఒకటి ఉండెను. రెండవదానికి అట్టిది ఎన్నడును లేదు.

1956లో ఐబీఎం సంస్థ రామక్ అను యంత్రముతో మొదటి హార్డుడిస్కును విపణిలోనికి తెచ్చినది. అందులో 24 అంగుళముల వ్యాసముగల పళ్లెములు 50 ఉండెను. అన్నిటిలో కలిపి పట్టినవి 50 లక్షల అక్షరములే. తరువాతి డిస్కులు అరచేతిలో ఇమిడినను సూత్రము మారలేదు. పళ్లెము తిరుగుచుండును, చదివెడి శీర్షము ఒక చేతికొనపై ఇటునటు కదలుచుండును. నిమిషమునకు 7,200 మార్లు తిరుగు పళ్లెమునకు ఒక చుట్టుకు 8.3 మిల్లీసెకండ్లు పట్టును. కోరిన చోటు శీర్షము క్రిందికి వచ్చుటకు సగటున అందులో సగము. శీర్షము వరుస మారుటకు మరియొక 9 మిల్లీసెకండ్లు వేసికొన్నచో, మొత్తము సుమారు 13. ఫైలంతయు ఒకేచోట ఉన్నచో ఈ జాగు ఒక్కమారే. అది 500 ముక్కలై చెదరియున్నచో ఆరు సెకండ్లకు పైగా వృథా. పదియెకరములు ఒకే చెక్కగా ఉన్నను, ఊరి చుట్టు పదిచోట్ల ఉన్నను పండెడి గింజ ఒకటే. రైతు నడక మాత్రము వేరు.

ఫైలు ముక్కలగుట ఎట్లు? డాస్ కాలపు ఫ్యాట్ పద్ధతి, ఖాళీ కనబడినచోటనెల్ల వ్రాసికొనుచు పోయెడిది. పాత ఫైళ్లు చెరిపి క్రొత్తవి వ్రాసిన కొలది ఖాళీలు చిన్నచిన్న తునకలగును. పెద్ద ఫైలు ఆ తునకలలో సర్దుకొనవలసి వచ్చును. ఈ చిక్కునకు విరుగుడుగా సర్దుబాటు సాధనములు పుట్టినవి. 1993లో డాస్ 6తో మైక్రోసాఫ్ట్ సంస్థ, సైమాంటెక్ నుండి తీసికొన్న డీఫ్రాగును ఉచితముగనే చేర్చినది. తెరపై రంగురంగుల గళ్లు ఒక్కొక్కటిగా వరుసకు వచ్చుచుండగా గంటలకొలది చూచుచు కూర్చున్నవారు ఎందరో! ఆ తృప్తిలో కొంత నిజమైన వేగము కూడ ఉండెను. 2007లో ప్రజలకందిన విస్టానుండి ఈ పనిని విండోసే వేళాప్రకారము తనంత తానుగా చేసికొనుచున్నది. అప్పటితో వేరొక సాధనమును కొనవలసిన అక్కర చాలవరకు తీరినది.

ఘనస్థితి డిస్కులు, అనగా ఎస్ఎస్‌డీలు, వచ్చిన తరువాత లెక్కయే మారినది. వానిలో పళ్లెము లేదు, కదలెడి చేయి లేదు. ముక్క ఎచ్చట ఉన్నను చేరుటకు పట్టు కాలము దాదాపు ఒకటే. పైగా వాని కణములు కొన్ని మార్లు మాత్రమే చెరిపి వ్రాయుటకు ఓర్చును. కావున పాత అలవాటు చొప్పున వానిని పదేపదే సర్దుట ఆయువును ఖర్చుచేయుటయే. 2009 నాటి విండోస్ 7 ఈ భేదమును గుర్తించినది.

ఇక రిజిస్ట్రీ. పూర్వము ఒక్కొక్క ప్రోగ్రాము తన అమరికలను విడివిడి ఫైళ్లలో దాచుకొనెడిది. 1993 నాటి విండోస్ ఎన్‌టీ, 1995 నాటి విండోస్ 95 వానిని ఒక పెద్ద చిట్టాలోనికి చేర్చినవి. తీసివేసిన ప్రోగ్రాముల పేర్లు అందులో మిగిలిపోవుట నిజమే. ఐనను చిట్టా కొమ్మలు, రెమ్మలుగా అమర్చబడినది. విండోస్ దారిపట్టుకొని తనకు కావలసిన పద్దునకు పోవునేగాని మొదటినుండి చివరివరకు చదువదు. 1984లో రద్దగువరకు ఊళ్లలో ఉన్న కరణము, సర్వేనెంబరు చెప్పగానే అడంగలులో పుట తీసెడివాడు. గతించినవారి పేర్లు నాలుగు అందులో మిగిలియున్నంత మాత్రమున ఆయన చేయి ఆలస్యము కాలేదు. పొరపాటున బ్రతికియున్న వాని పేరు కొట్టివేసినచో మాత్రము తగవు మొదలు! క్లీనరు అవసరమైన పద్దును తొలగించినచో జరుగునదియు అదియే. ఒక్కొక్కప్పుడు విండోసునే మరల వేయవలసి వచ్చును.

మైక్రోసాఫ్ట్ స్వయముగా 1990లలో రెగ్‌క్లీన్ అను సాధనమును ఇచ్చి, పిదప ఉపసంహరించుకొన్నది. ఇట్టి సాధనములను తాము సమర్థించుట లేదని ఆ సంస్థ తరువాత ప్రకటించినది. మరియొక ప్రమాదము 2017లో బయటపడినది. ప్రసిద్ధి చెందిన సీక్లీనరు 5.33వ కూర్పులో దుండగులు హానికరమైన కోడును చొప్పించిరి. అది సుమారు 22 లక్షల 70 వేల యంత్రములకు చేరినదని తేలినది. శుభ్రపరచుటకు పిలిచినవాడే దొంగకు తలుపు తీసినట్లయినది.

మరి క్లీనరు వేసినపిదప వేగము పెరిగినదని చెప్పువారి మాట? చాలవరకు అది యంత్రమును ఆపి మరల ప్రారంభించుటవలన కలిగిన లాభమే. దీనిని బడిలోనే పరీక్షింపవచ్చును. గడియారము దగ్గర పెట్టుకొని, యంత్రము తెరచుకొనుటకు పట్టు కాలమును మూడుమార్లు వ్రాసికొనవలెను. యంత్రముతోపాటు తమంత తాము మొదలయ్యెడి ప్రోగ్రాములలో అక్కరలేనివానిని ఆపి మరి మూడుమార్లు చూడవలెను. తిరుగుడు డిస్కుగల పాత యంత్రమైనచో, దాని స్థానమున ఎస్ఎస్‌డీని అమర్చి మరి మూడుమార్లు. ఈ తొమ్మిది అంకెలను నల్లబల్లపై వరుసగా వ్రాసినచో, పాఠశాల డబ్బు దేనిపై పెట్టవలెనో విద్యార్థులే చెప్పగలరు.