నాలుగో గడి

మొన్న చెల్లెలి కూతురు ఫోన్ చేసింది. "మామూ, ఇంటర్ అయిపోయింది. ఏ యూనివర్సిటీలో చేరను?" కాగితం మీద మూడు గళ్లు గీసుకుందట: ఫీజు, నాక్ గ్రేడు, కోర్సులు. నాలుగోది కూడా గీయమన్నాను. జబాన్.

ఆ గడి వెనక పెద్ద తారీఖే ఉంది. 1917లో మీర్ ఉస్మాన్ అలీఖాన్ ఫర్మానా ఇచ్చాడు, 1918లో ఉస్మానియా మొదలైంది. పైచదువంటే ఇంగ్లీషే అనుకునే జమానాలో ఉర్దూలో సైన్సు, వైద్యం చెప్పింది. దారుల్ తర్జుమా అందుకు కితాబులు తర్జుమా చేసింది, కొత్త మాటలు పుట్టించింది. అయితే ఇన్సాఫ్‌గా చెప్పుకోవాలి. రియాసత్‌లో ఎక్కువమంది ఇళ్లలో తెలుగు, మరాఠీ, కన్నడ. వాళ్లకు ఆ ఉర్దూ కూడా పరాయిదే. 1948 తర్వాత ఉర్దూ స్థానంలోకి ఇంగ్లీషొచ్చింది. అదే ముష్కిల్ ఈసారి మావాళ్లకు.

నాకూ తెలుసు ఆ ముష్కిల్. ఉర్దూ మీడియం బడి నుంచి తెలుగు డిగ్రీకొచ్చి, మొదటి ఏడాది తెలుగు పాఠాలు ఉర్దూ లిపిలో రాసుకున్నాను.

ఇప్పుడు తోవలున్నాయి. కొలువు చేసుకుంటూ చదవాలంటే 1982లో పెట్టిన ఓపెన్ యూనివర్సిటీ ఉంది. ఉర్దూలోనే చదవాలంటే 1998లో గచ్చిబౌలిలో వచ్చిన మౌలానా ఆజాద్ యూనివర్సిటీ ఉంది.

"నాక్ గ్రేడు యూనివర్సిటీది బేటీ, నీ కోర్సుకు గుర్తింపు ఉందో లేదో వేరే చూసుకో. ఫీజు పక్కన హాస్టల్ ఖర్చూ రాయి. ఆఖర్న, క్లాసులో ఏ జబాన్‌లో లేచి సవాల్ అడగగలవో ఆ నాలుగో గడిలో రాయి."

కాసేపు చప్పుడు లేదు.

"రెండు రాయొచ్చా, మామూ?"