పికప్‌లలో బ్రేకు పట్టు తప్పితే.. కమాన్లు పెంచితే తరిగే బ్రేకు

హనుమాన్ జంక్షన్: నూజివీడు తోటల మామిడి, కైకలూరు చెరువుల చేప, గుడివాడ పొలాల ధాన్యం.. పలు ప్రాంతాల సరకు ఈ కూడలి మీదుగా సాగుతుంటుంది. చెన్నై-కోల్‌కతా జాతీయ రహదారికి ఇటు నూజివీడు, అటు గుడివాడ మార్గాలు కలిసేది ఇక్కడే. 2022లో జిల్లాల పునర్విభజనతో నూజివీడు, కైకలూరు ఏలూరు జిల్లాలోకి వెళ్లినా సరకు దారి మారలేదు. 2005లో టాటా ఏస్, 2011లో అశోక్ లేలాండ్ దోస్త్ మార్కెట్లోకి వచ్చాయి. మహీంద్రా బొలెరో పికప్ సరేసరి. ఒకప్పుడు ఎడ్లబండి, ట్రాక్టరు మోసిన బరువును నేడు ఇవే మోస్తున్నాయి. అయితే బరువు మోయడంపై ఉన్న శ్రద్ధ, ఆ బరువును ఆపడంపై కొరవడుతోంది. బ్రేకు పూర్తిగా విఫలమయ్యే ముందు చాలా సందర్భాల్లో పెడల్ ద్వారా హెచ్చరిస్తుంది. ఆ హెచ్చరికను గుర్తించగలిగితే స్వల్ప ఖర్చుతోనే పెను ప్రమాదం తప్పుతుంది.

పెడల్ చెప్పే సంగతులు

పికప్‌లలో సాధారణంగా ముందు చక్రాలకు డిస్క్, వెనుక చక్రాలకు డ్రమ్ము బ్రేకులుంటాయి. పెడల్‌పై పాదం మోపే ఒత్తిడిని వ్యాక్యూమ్ బూస్టరు పెంచుతుంది. మాస్టర్ సిలిండర్ దానిని బ్రేక్ ఆయిల్ ద్వారా నాలుగు చక్రాలకూ చేరవేస్తుంది. ఈ గొలుసులో ఎక్కడ లోపమున్నా దాని తీరును బట్టి పెడల్ స్పర్శ మారుతుంది.

పెడల్ స్పాంజిలా మెత్తగా ఉంటే గొట్టాల్లో గాలి చేరిందని, లేదా రబ్బరు హోసులు పాతబడి ఒత్తిడికి ఉబ్బుతున్నాయని అనుమానించాలి. నొక్కి ఉంచినప్పుడు నెమ్మదిగా కిందకు దిగిపోతే, బయట ఎక్కడా ఆయిల్ కారకుంటే, మాస్టర్ సిలిండర్ సీళ్లు అరిగినట్లే. రాయిలా గట్టిగా మారి బండి ఆగనంటే బూస్టరుకు వ్యాక్యూమ్ అందడం లేదని అర్థం. ఎంతో లోతుకు నొక్కితే గాని పట్టు దొరకకుంటే వెనుక లైనర్లకు, డ్రమ్ముకు మధ్య సందు పెరిగి ఉండవచ్చు. బ్రేకు వేయగానే బండి ఒక పక్కకు లాగితే ముందు కాలిపర్ బిగుసుకోవడమో, లైనర్లకు గ్రీజు, ఆయిల్ అంటడమో జరిగి ఉంటుంది. పెడల్ పాదం కింద అదిరితే డిస్క్ వంకర పోవడాన్ని గాని, డ్రమ్ము గుండ్రం తప్పడాన్ని గాని శంకించాలి.

బూస్టరు పనితీరును ఎవరైనా పరీక్షించవచ్చు. ఇంజను ఆపి పెడల్‌ను నాలుగైదుసార్లు నొక్కాలి. అది గట్టిపడిన తరువాత పాదం అలాగే ఉంచి ఇంజను స్టార్ట్ చేయాలి. పెడల్ కొద్దిగా కిందకు దిగితే బూస్టరు పనిచేస్తున్నట్లు. కదలకుంటే వ్యాక్యూమ్ గొట్టాన్ని, వాల్వును పరిశీలించాలి. డీజిల్ ఆదా అవుతుందని పల్లంలో ఇంజను ఆపి జారవిడిచే అలవాటు ప్రాణాంతకం కావడానికి కారణమిదే. ఇంజను ఆగితే బూస్టరులో మిగిలిన వ్యాక్యూమ్ రెండు మూడు నొక్కులకే హరించుకుపోతుంది.

బరువును కొలిచే వాల్వు

ఖాళీ పికప్ వెనుక భాగం తేలికగా ఉంటుంది. అప్పుడు వెనుక బ్రేకు గట్టిగా పడితే చక్రాలు జామై బండి అడ్డం తిరుగుతుంది. లోడు ఎక్కిన తరువాత పరిస్థితి తారుమారవుతుంది. వెనుక చక్రాలపై బరువు పెరుగుతుంది కనుక అక్కడ బ్రేకు కూడా ఎక్కువ కావాలి. ఈ సర్దుబాటు కోసం కొన్ని నమూనాలలో చట్రానికీ వెనుక ఇరుసుకూ మధ్య లోడ్ సెన్సింగ్ వాల్వును అమరుస్తారు. లోడుకు కమాన్లు వంగి చట్రం కిందకు దిగినప్పుడు ఒక కడ్డీ లేదా స్ప్రింగు ఈ వాల్వును కదిలిస్తుంది. దానితో వెనుక బ్రేకుకు ఒత్తిడి పెరుగుతుంది. అంటే ఈ వాల్వు బరువును నేరుగా తూచదు. చట్రం ఎంత దిగిందో చూసి బరువును అంచనా వేస్తుంది.

చిక్కంతా ఇక్కడే. అధిక లోడు కోసం పలువురు యజమానులు వెనుక కమాన్లకు అదనపు పట్టీలు వేయిస్తుంటారు. కమాన్లు గట్టిపడటంతో లోడు ఎక్కినా చట్రం దిగదు. బండి ఖాళీగానే ఉందని వాల్వు భావించి వెనుక బ్రేకును తగ్గించి ఉంచుతుంది. ఫలితంగా టన్నుల బరువును ఆపే భారం ముందు బ్రేకులపైనే పడుతుంది. ప్యాడ్లు త్వరగా అరుగుతాయి. డిస్కులు వేడెక్కి పట్టు సడలుతుంది. కమాన్లు పెంచిన బండి బరువుకు తట్టుకున్నట్లే కనిపిస్తుంది గాని ఆగవలసిన చోట ఆగదు.

ఇందుకు విరుగుడుగా కొందరు వాల్వు కడ్డీని పైకి కట్టివేసి ఎప్పుడూ పూర్తి ఒత్తిడి వెళ్లేలా చేస్తారు. ఇది మరీ ప్రమాదకరం. సరకు దించి ఖాళీగా తిరిగి వచ్చే సమయంలో, ముఖ్యంగా వాన కురిసిన రోడ్డుపై, వెనుక చక్రాలు జామై బండి అదుపు తప్పుతుంది. కమాన్లను మార్చడం తప్పనిసరైతే కంపెనీ నిర్దేశించిన కొలతల మేరకు వాల్వును తిరిగి సరిచేయించాలి. ఆ పని కంటి అంచనాతో కాక ఒత్తిడి గేజీలున్న చోటనే చేయించడం శ్రేయస్కరం.

ఆయిల్‌కు తేమే శత్రువు

సాధారణంగా వాడే డాట్ 3, డాట్ 4 బ్రేక్ ఆయిళ్లు గాలిలోని తేమను పీల్చుకుంటాయి. కొత్త డాట్ 3 ఆయిల్ కనీస మరుగు స్థానం 205 డిగ్రీల సెల్సియస్ కాగా తేమ చేరిన తరువాత అది 140 డిగ్రీలకు దిగజారవచ్చు. డాట్ 4లో ఈ ప్రమాణాలు 230, 155 డిగ్రీలు. వరుసగా బ్రేకులు వేసినప్పుడు పుట్టే వేడికి ఆ తేమ ఆవిరిగా మారుతుంది. ఆవిరి నలుగుతుంది గాని ఒత్తిడిని చేరవేయదు. అంతవరకు బాగున్న పెడల్ ఒక్కసారిగా నేలకు తాకుతుంది.

డెల్టా వాతావరణంలో తేమ అధికం కనుక రెండేళ్లకోసారి, లేదా కంపెనీ అంతకు తక్కువ గడువు చెబితే ఆ ప్రకారం ఆయిల్‌ను పూర్తిగా మార్చాలి. తగ్గిన మేరకు పైన పోసుకుంటూ పోతే చాలదు. మట్టం పదేపదే తగ్గుతుంటే లీకేజీని వెదకాలి. డాట్ 3, 4లలో సిలికాన్ ఆధారితమైన డాట్ 5ను కలపరాదు. ఇంజను ఆయిల్ పొరపాటున పోసినా రబ్బరు సీళ్లు ఉబ్బి బ్రేకు మొత్తం చెడుతుంది.

చేపలు, రొయ్యలు తరలించే బండ్లకు మరో బెడద ఉంది. ఐసు కరిగిన నీరు నిత్యం వెనుక ఇరుసుపై కారితే ఇనుప బ్రేకు గొట్టాలు, వాల్వు కడ్డీ కీళ్లు తుప్పు పడతాయి. నీరు చక్రాల మీద కాక వెనక్కి పోయేలా గొట్టం అమర్చుకోవాలి. 2024 సెప్టెంబరులో బుడమేరు వరదకు విజయవాడలో వేలాది వాహనాలు నీట మునిగాయి. అలా మునిగిన వాహనాల డ్రమ్ములు విప్పి శుభ్రం చేసి ఆయిల్ మార్చిన తరువాతే నడపాలి. నిలిచిన నీటిలోంచి వచ్చినప్పుడు నెమ్మదిగా నడుపుతూ పెడల్‌ను తేలికగా నొక్కితే లైనర్లు ఆరతాయి.

ఖర్చు ఎక్కడ పెట్టాలి?

పట్టు పెరగాలంటే పెద్ద డిస్కులు వేయించనక్కర్లేదు. ముందుగా వెనుక లైనర్లను సర్దుబాటు చేసి, గొట్టాల్లోని గాలిని తీయించి, పాత హోసులు మార్చితే పెడల్ స్పర్శ చాలావరకు మెరుగుపడుతుంది. ప్యాడ్ల మందం 3 మిల్లీమీటర్లకు తగ్గకముందే మార్చాలి. ఒక పక్కే కాక రెండు పక్కలా ఒకేసారి వేయాలి. లేత్ పట్టిన డ్రమ్ము వ్యాసం దానిపై ముద్రించిన గరిష్ఠ పరిమితిని దాటరాదు. కొత్త ప్యాడ్లు, లైనర్లు వేసిన తొలి రోజుల్లో అధిక లోడు వేయకుండా, మధ్యస్థ వేగం నుంచి మృదువుగా ఆపుతూ వాటిని కుదురుకోనివ్వాలి. డ్రమ్ములోని దుమ్మును గాలి గొట్టంతో ఊదరాదు. పాత లైనర్లలో ఆస్‌బెస్టాస్ ఉండే అవకాశముంది. తడి గుడ్డతో తుడవడమే మెకానిక్‌కు క్షేమం.

ఎంత మంచి బ్రేకైనా చక్రాన్నే ఆపగలదు. బండిని ఆపేది టైరు. అరిగిన టైర్లతో కొత్త లైనర్లు వృథా. నిర్దేశించిన సైజు కన్నా పెద్ద టైర్లు వేస్తే అదే బ్రేకు ఒత్తిడికి పట్టు తగ్గుతుంది.

దూరం లెక్క ఇదీ

గంటకు 60 కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకు దాదాపు 17 మీటర్లు, 80లో 22 మీటర్లు కదులుతుంది. చోదకుడు స్పందించడానికి ఒక సెకను పడుతుందనుకుందాం. పొడి రోడ్డుపై మంచి బ్రేకు సెకనుకు 6 మీటర్ల చొప్పున వేగాన్ని తగ్గిస్తే 60లో సుమారు 40 మీటర్లలో, 80లో 63 మీటర్లలో బండి ఆగుతుంది. బ్రేకు సత్తా 4 మీటర్లకు పడిపోతే ఇవే దూరాలు 51, 84 మీటర్లవుతాయి. కూడలి దాటే సైకిలు, రోడ్డెక్కే ట్రాక్టరు, బడి పిల్లల ఆటో ఉండేది ఆ మిగతా మీటర్లలోనే.

చట్టం ఏమంటోంది?

రవాణా వాహనాలకు ఎనిమిదేళ్ల వరకు రెండేళ్లకోసారి, ఆపై ఏటా ఫిట్‌నెస్ పరీక్ష తప్పనిసరి. మోటారు వాహనాల చట్టంలోని 194వ సెక్షన్‌ను 2019లో సవరించడంతో అధిక లోడుకు రూ.20 వేలు, అదనపు ప్రతి టన్నుకు రూ.2 వేల చొప్పున జరిమానా విధించే వీలు కలిగింది. అధిక సరకును దించే ఖర్చూ యజమానిదే. తయారీదారు వివరాలకు భిన్నంగా వాహనంలో మార్పులు చేయడంపై 52వ సెక్షన్ ఆంక్షలు విధిస్తోంది.

బయలుదేరే ముందు..

* బ్రేక్ ఆయిల్ మట్టం కనిష్ఠ, గరిష్ఠ గీతల మధ్య ఉందో లేదో చూడాలి.
* చక్రాల లోపలి వైపు తడి మరకలున్నాయేమో గమనించాలి.
* బండి కదిలిన పది మీటర్లలోపే ఒకసారి బ్రేకు వేసి చూసుకోవాలి.
* హ్యాండ్ బ్రేకు వాలుపై లోడుతో నిలుపుతోందో లేదో పరీక్షించాలి.
* కాలిన వాసన వచ్చినా, ఒక చక్రం మిగతా వాటికన్నా వేడెక్కినా ప్రయాణం ఆపి మెకానిక్‌కు చూపించాలి.
* పల్లంలో న్యూట్రల్ వద్దు. గేరులోనే దిగాలి.