పాచిక, మంత్రం, నియమం: పాత్రధారణ క్రీడలు, ఆంధ్రమహాభారత ఘట్టాలు – తులనాత్మక పరిశీలన

ప్రవేశిక

బల్ల చుట్టూ కూర్చొని, ఒక్కొక్కరు ఒక్కొక్క పాత్రను స్వీకరించి, పాచికలు వేస్తూ కథను నడిపే ఆటలను పాత్రధారణ క్రీడలు అనవచ్చు. వీటికి ఆద్యమైన 'డంజన్స్ అండ్ డ్రాగన్స్'ను గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ 1974లో అమెరికాలో వెలువరించారు. మంత్రం ఎవరికి పట్టుబడుతుంది, ఎన్నిసార్లు పనిచేస్తుంది, దానికి మూల్యమేమిటి అన్న ప్రశ్నలకు ఈ క్రీడలు వేర్వేరు సమాధానాలిచ్చాయి. ఆంధ్రమహాభారతంలోనూ ఈ ప్రశ్నలున్నాయి. రెండింటినీ పోల్చి చూసినప్పుడు, మంత్రనియమం లెక్కకు సంబంధించినదా, నడవడికి సంబంధించినదా అన్న విచారణకు అవకాశం కలుగుతుంది.

మూడు నియమవ్యవస్థలు

'డంజన్స్ అండ్ డ్రాగన్స్' తొలి రూపాల్లో మంత్రం పరిమితమైన సంపద. మాంత్రికుడు దానిని ముందుగా ధారణ చేస్తాడు. ప్రయోగించగానే మరచిపోతాడు. విశ్రాంతి తరువాత మళ్ళీ ధారణ చేయాలి. జాక్ వాన్స్ 1950లో ప్రచురించిన 'ది డయింగ్ ఎర్త్' కథలు ఈ భావనకు ఆధారం. ఈ ఆట యుద్ధక్రీడల నుంచి పుట్టింది కాబట్టి మంత్రం కూడా అమ్ములపొదిలోని బాణంలా లెక్కకు లోబడింది.

1978 నాటి 'రూన్‌క్వెస్ట్'లో మంత్రం ఒక వృత్తివారి సొత్తు కాదు. అయితే గొప్ప శక్తులు కావాలంటే ఒక దేవతను ఆరాధించే సంప్రదాయంలో చేరి, దాని కట్టుబాట్లను పాటించాలి. 1987లో వచ్చిన 'ఆర్స్ మేజికా' మంత్రాన్ని వ్యాకరణంగా మలిచింది. 5 క్రియలు, 10 విషయాలు కలిసి 50 జంటలవుతాయి. 'సృష్టించు' అన్న క్రియకు 'అగ్ని' అన్న విషయాన్ని జోడిస్తే ఒక మంత్రం సిద్ధిస్తుంది.

కర్ణుని మరపు

తాను బ్రాహ్మణుడినని చెప్పి పరశురాముని వద్ద బ్రహ్మాస్త్రం నేర్చిన కర్ణునికి, అవసరవేళ అది స్ఫురించదన్న శాపం తగిలింది. పైకి ఇది వాన్స్ మాంత్రికుని మరపును పోలి ఉంది. కారణం మాత్రం పూర్తిగా వేరు. అక్కడ మరపు వాడకం వల్ల కలిగేది, విశ్రాంతితో తీరేది. ఇక్కడ మరపు గురువుతో ఆడిన అబద్ధానికి ఫలం. దానికి విశ్రాంతి మందు కాదు. విద్యను సంబంధంతో ముడిపెట్టడంలో కర్ణుని కథ 'రూన్‌క్వెస్ట్'కే దగ్గరగా ఉంది.

నలుని అక్షహృదయం

నన్నయ అరణ్యపర్వంలో తెనిగించిన నలోపాఖ్యానం ఈ చర్చకు మరింత ఉపయుక్తం. ఋతుపర్ణుడు దారిలోని విభీతక వృక్షపు ఆకులను, కాయలను చూపుమాత్రంతో లెక్కగట్టి చెబుతాడు. ఆ చెట్టే తాండ్ర. వైదికకాలంలో దాని కాయలే పాచికలు. బాహుకునిగా ఉన్న నలుడు లెక్క సరిచూసి, అశ్వహృదయానికి బదులుగా అక్షహృదయాన్ని గ్రహిస్తాడు. వెంటనే కలి అతనిని విడుస్తాడు. ఇక్కడ సంఖ్యాజ్ఞానం, మంత్రం, పాచిక ఒకే విద్యకు మూడు ముఖాలు. లెక్క, నడవడి పరస్పర విరుద్ధాలు కావని ఈ ఘట్టం నిరూపిస్తుంది. లెక్క ఉంది, కాని అది ఇచ్చిపుచ్చుకోవడం ద్వారానే లభించింది.

ఉపసంహారం

దీనిని బట్టి కావ్యనియమం ఉన్నతమనీ, క్రీడానియమం యాంత్రికమనీ తీర్మానించడం సరికాదు. కావ్యంలో శాపఫలాన్ని నిర్ణయించే కవి ఒక్కడే. బల్ల చుట్టూ ఉన్నవారు సమానులు. నిర్వాహకుడు తన ఇష్టానుసారం ఒకరిని శపిస్తే ఆట అన్యాయమవుతుంది. అందరికీ ముందే తెలిసిన లెక్క ఆ సమానత్వాన్ని కాపాడుతుంది. సభాపర్వంలో, తన్ను తాను ఓడిపోయినవానికి భార్యను పణంగా ఒడ్డే అధికారం ఉందా అని ద్రౌపది లేవనెత్తినదీ నియమప్రశ్నే. సభలోని పెద్దలు దానిని తేల్చలేకపోయారు. ఆటలో నియమాన్ని నిలబెట్టవలసినవారు మౌనం వహిస్తే ఆట ఆటగా మిగలదన్న ఎరుక తెలుగు పాఠకునికి కొత్త కాదు. భారతంలోని అస్త్రాలను, శాపాలను కేవలం అద్భుతాలుగా కాక నియమవ్యవస్థలుగా చదవడం ఈ తులన సూచించే పరిశోధనమార్గం.