బండలాగుడు నుంచి పవర్ మీటర్ దాకా: కాలి సత్తాని కొలిచిన కథ

పోయిన ఎపిసోడ్ తర్వాత మీలో చాలామంది అడిగింది ఒకటే. "అన్నా, ట్రయథ్లాన్‌కి ప్రిపేర్ అవుతున్నా, సైకిల్‌కి పవర్ మీటర్ కొనాలా? కొంటే ఏది కొనాలి?" సమాధానం చెప్తా. కానీ ముందు ఈ వస్తువు ఎక్కడి నుంచి వచ్చిందో తెలిస్తే, కొనాలా వద్దా అనేది మీరే తేల్చుకుంటారు. అందుకే ఈ ఎపిసోడ్ మొత్తం చరిత్ర. మొదలుపెట్టేది మన పల్నాడు నుంచే.

సంక్రాంతికో తిరునాళ్ళకో మన ఊళ్ళలో బండలాగుడు పోటీలు మీరందరూ చూసే ఉంటారు. మా తాతకి ఒకప్పుడు ఒంగోలు జత ఉండేది. పోటీ ఎలా జరుగుతుందో ఒకసారి గుర్తు చేసుకోండి. ఎడ్ల పళ్ళని బట్టి విభాగాలు. ఒక్కో విభాగానికి ఇంత బరువు బండ, ఇన్ని నిమిషాలు టైమ్ అని ముందే అనుకుంటారు. జత బండని ఆ చివరికి లాగి, తిరిగి ఈ చివరికి తెస్తుంది. టైమ్ అయిపోగానే మైకులో ఏం చదువుతారు? మొత్తం ఎన్ని అడుగులు లాగిందో చదువుతారు. ఎంత స్పీడ్‌గా లాగిందని ఎవరూ చెప్పరు.

ఇప్పుడు స్కూల్ ఫిజిక్స్ పుస్తకం తెరవండి. బలం ఇంటూ దూరం అంటే పని. ఆ పనిని కాలంతో భాగిస్తే సామర్థ్యం, అంటే పవర్. బండ ఒకటే, నేల ఒకటే, టైమ్ ఒకటే అయినప్పుడు ఇక మిగిలేది దూరమే. అంటే మైకులో చదివే ఆ అడుగులే ఆ జత పవర్ రీడింగ్ అన్నమాట. నేను బీటెక్ నాలుగేళ్ళు చదివాను గానీ, ఈ సంగతి నాకు తట్టింది మాత్రం ఉద్యోగం మానేశాక.

ఇలాంటి లెక్కే 1780ల్లో ఇంగ్లండ్‌లో ఒకాయన గుర్రాలతో వేశాడు. ఆయన పేరు జేమ్స్ వాట్. ఆవిరి ఇంజిన్లు అమ్మాలి. కొనేవాళ్ళేమో "నీ ఇంజిన్ నా గుర్రాలు ఎన్నింటి పని చేస్తుంది?" అని అడుగుతారు. అందుకని ఒక గుర్రం నిమిషానికి 33,000 పౌండ్ల బరువుని ఒక అడుగు ఎత్తగలదని లెక్క కట్టాడు. అదే హార్స్ పవర్. ఈనాటి లెక్కలో దాదాపు 746 వాట్లు. వాట్ అనే యూనిట్‌కి ఆయన పేరు పెట్టాలని 1882లో విలియం సీమెన్స్ ప్రతిపాదించాడు. మన సైకిల్ కంప్యూటర్ స్క్రీన్ మీద కనిపించే వాట్లు అవే.

సరే, గుర్రం అయింది, ఎద్దు అయింది. మరి రోడ్డు మీద సైకిల్ తొక్కే మనిషి పవర్ కొలిచేది ఎట్లా? ల్యాబ్‌లో కదలని సైకిల్ మీద కూర్చోబెట్టి కొలవడం 20వ శతాబ్దం మొదట్లోనే వచ్చింది. రోడ్డు మీద కొలవడానికి మాత్రం ఇంకో వస్తువు కావాల్సి వచ్చింది. దాని పేరు స్ట్రెయిన్ గేజ్. 1938లో అమెరికాలో ఎడ్వర్డ్ సిమ్మన్స్, ఆర్థర్ రూజ్ అనే ఇద్దరు, ఒకరితో ఒకరికి సంబంధం లేకుండా దీన్ని కనిపెట్టారు. రూజ్ అప్పట్లో భూకంపం వస్తే నీళ్ళ ట్యాంకులు ఏమవుతాయో పరిశోధిస్తున్నాడు. సైకిల్ ఆయన ఆలోచనలోనే లేదు.

ఇది పనిచేసే పద్ధతి సింపుల్. సన్నటి లోహపు తీగ సాగితే దాని విద్యుత్ నిరోధం మారుతుంది. ఆ తీగని ఒక ఇనప ముక్కకి అతికిస్తే, ఆ ముక్క కంటికి కనపడనంత వంగినా సరే పట్టేస్తుంది. పెడల్ తొక్కినప్పుడు క్రాంక్ కూడా అట్లాగే రవ్వంత వంగుతుంది. ఆ వంపు ఎంత, క్రాంక్ ఎంత వేగంగా తిరుగుతోంది అనే రెండూ తెలిస్తే వాట్లు తెలిసినట్టే. 1986లో జర్మనీలో ఉల్రిచ్ షోబరర్ అనే ఇంజినీర్ ఈ గేజ్‌లని సైకిల్ క్రాంక్‌లోకి ఎక్కించి ఎస్ఆర్ఎమ్ అనే పవర్ మీటర్ చేశాడు. టూర్ ద ఫ్రాన్స్ మూడుసార్లు గెలిచిన గ్రెగ్ లెమాండ్, దాన్ని మొదట్లోనే వాడిన ప్రొఫెషనల్స్‌లో ఒకడు.

ఇక ట్రయథ్లాన్. 1978 ఫిబ్రవరి 18న హవాయిలో మొదటి ఐరన్‌మ్యాన్ జరిగింది. 15 మంది మొదలుపెడితే 12 మంది పూర్తి చేశారు. మన దేశంలో 2019లో గోవాలో 70.3 మొదలైంది. 1.9 కిలోమీటర్ల ఈత, 90 కిలోమీటర్ల సైకిల్, 21.1 కిలోమీటర్ల పరుగు. ఇందులో సైకిల్ మధ్యలో వస్తుంది, ఇంకొకళ్ళ వెనక దాక్కుని తొక్కకూడదు. గాలి మొత్తం నీ ఛాతీ మీదే. దిగాక పరుగెత్తాలి. కాబట్టి సైకిల్ మీద ఎంత ఖర్చు పెట్టావనేది చివర్లో బయటపడుతుంది.

నాకూ బయటపడింది. నా మొదటి హాఫ్ దూరం రేసుకి ఆరు నెలలు ప్రాక్టీస్ చేశా. ఉద్యోగం మానేసి ఛానెల్ పెట్టిన కొత్త. ఇంట్లో ఎవరికీ ఇష్టం లేదు. ఇది పూర్తి చేసి చూపిస్తే నోళ్ళు మూతపడతాయని నా ఆశ. గంటకి 30 కిలోమీటర్లు అని టార్గెట్ పెట్టుకున్నా. పోయేటప్పుడు గాలి వెనక నుంచి తోసింది, హాయిగా ఉంది. తిరిగి వచ్చేటప్పుడు ఎదురుగాలి. అయినా 30 తగ్గనివ్వలేదు. లెక్క చూడండి: గంటకి 10 కిలోమీటర్ల ఎదురుగాలిలో అదే 30 నిలబెట్టాలంటే, గాలిని చీల్చడానికి పెట్టే పవర్ గాలి లేనప్పటికంటే దాదాపు 1.8 రెట్లు కావాలి. పరుగులో 8వ కిలోమీటర్ దగ్గర కాళ్ళు కట్టేసినట్టయింది. మిగతాది నడిచా. టైమ్ కటాఫ్ దాటిపోయింది.

ఇంటికి వచ్చాక తాత అడిగాడు. "ఏరా, మొదటి తిప్పులోనే చెర్నాకోల ఝళిపించావా?"

"చూసేవాళ్ళు ఈలలు వేస్తుంటే ఆగలేకపోయాను తాతా."

"ఒరేయ్, ఈలలు వేసేవాళ్ళకేం పోయింది? చివరి అడుగులు ఎద్దు వెయ్యాలి."

తన జత ఒకసారి మొదటి తిప్పులు పరుగున లాగి, టైమ్ ఉండగానే కూలబడిపోయిందని అప్పుడు చెప్పాడు. ఆ తర్వాత ఎప్పుడూ మొదట్లో తొందరపెట్టలేదట.

తాత అన్న మాటనే నంబర్లలో పెట్టిన పుస్తకం ఒకటుంది. 2006లో హంటర్ అలెన్, ఆండ్రూ కోగన్ కలిసి పవర్ మీటర్‌తో ట్రైనింగ్ గురించి రాశారు. అందులో ముఖ్యమైన మాట ఎఫ్‌టీపీ. సుమారు గంటసేపు నువ్వు నిలబెట్టగల పవర్. గంట టెస్ట్ కష్టం కాబట్టి 20 నిమిషాలు గట్టిగా తొక్కి, సగటులో 95 శాతం తీసుకుంటారు. 210 వస్తే ఎఫ్‌టీపీ దాదాపు 200. మొదటిసారి 70.3 చేసేవాళ్ళు సైకిల్ మీద అందులో 75 నుంచి 80 శాతం దాటకపోవడం మంచిది. అంటే 150 నుంచి 160 వాట్లు. ఎదురుగాలి వచ్చిందా, స్పీడ్ పోనివ్వు, వాట్లు పెంచకు.

"హార్ట్ రేట్ చాలదా అన్నా?" అంటారు. మనది రెంటచింతల ఉన్న జిల్లా. ఎండాకాలం ఆ ఊరి టెంపరేచర్ ప్రతి ఏడూ వార్తల్లో వస్తుంది. వేడిలో అదే పవర్‌కి గుండె ఎక్కువ కొట్టుకుంటుంది. వాట్లు నువ్వు చేసే పని చెప్తాయి, గుండె దానికి ఒళ్ళు కడుతున్న ఖరీదు చెప్తుంది. ఎండలో రెండూ చూడాలి. వాట్లు మామూలుగా ఉండి గుండె పైకి పోతుంటే తగ్గించెయ్యాల్సిందే.

ఇప్పుడు కొనడం సంగతి. ఎడమ క్రాంక్‌కి మాత్రమే ఉండేవి చవక. అవి ఎడమ కాలి పవర్‌ని రెట్టింపు చేసి చూపిస్తాయి. నీ ఎడమ కాలు 48 శాతమే చేస్తుంటే, అసలు 200 ఉన్నచోట 192 కనపడుతుంది. ఫర్వాలేదు. రోజూ అదే మీటర్ వాడితే నీ ఎదుగుదల తెలుస్తుంది. పెడల్స్‌లో ఉండేవి ఒక సైకిల్ నుంచి ఇంకో సైకిల్‌కి తేలిగ్గా మార్చుకోవచ్చు, కానీ కిందపడితే దెబ్బ తగిలేది ముందు వాటికే. ఏది కొన్నా తొక్కే ముందు జీరో చెయ్యండి. వేడికి లోహం సాగుతుంది, రీడింగ్ తప్పుతుంది. తెల్లవారుజామున బయల్దేరి ఎండ ముదిరాక కూడా తొక్కుతుంటే, మధ్యలో ఆగి ఇంకోసారి జీరో చెయ్యండి.

డబ్బుల్లేవా? ఈఎమ్ఐ పెట్టొద్దు. మనకి కోటప్పకొండ ఉంది. జనం, బండ్లు లేని పొద్దున పూట ఘాట్ రోడ్డు ఎక్కండి. నువ్వు, సైకిల్ కలిపి 80 కిలోలు. లెక్క కోసం 100 మీటర్ల ఎత్తు 8 నిమిషాల్లో ఎక్కావనుకుందాం. 80 ఇంటూ 9.8 ఇంటూ 100, దాన్ని 480 సెకన్లతో భాగిస్తే 163 వాట్లు. గాలి, టైర్ రాపిడి కలిపితే అసలుది ఇంకొంచెం ఎక్కువే. ఎత్తు ఫోన్ యాప్‌లో చూసుకోండి. నెలకోసారి అదే చోట మొదలుపెట్టి అదే చోట ఆపండి. బండ మార్చకుండా లాగడం అంటే ఇదే.

నేను ఆరు నెలలు ఇట్లాగే చేసి, తర్వాత సెకండ్ హ్యాండ్‌లో ఎడమ క్రాంక్ మీటర్ ఒకటి కొన్నా. రెండో రేసులో మొదటి 20 కిలోమీటర్లు అందరూ నన్ను దాటుకుని పోతూనే ఉన్నారు. నేను 150 దగ్గరే ఉన్నా. 21.1 కిలోమీటర్లలో ఒక్కచోట కూడా నడవలేదు. ఇంటికి ఫోన్ చేస్తే తాత టైమ్ అడగలేదు. "చివరిదాకా లాగావా?" అన్నాడు. లాగానని చెప్పా.

మీ ఊళ్ళో కొండ గానీ మిట్ట గానీ ఏదుందో, ఎన్ని నిమిషాల్లో ఎక్కారో చెప్పండి, వాట్లు లెక్క కడదాం. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. హెల్మెట్ మర్చిపోవద్దు. ఉంటా మరి.