సాఫ్ట్‌వేర్ డెవలపర్ల ముఖాముఖి సమావేశాలు: మెన్లో పార్క్ నుంచి బస్తర్ దాకా

ఛత్తీస్‌గఢ్‌లోని బస్తర్ జిల్లా నగర్‌నార్‌లో ఎన్‌ఎండీసీ నిర్మించిన ఉక్కు కర్మాగారాన్ని 2023 అక్టోబరు 3న జాతికి అంకితం చేశారు. దీని సామర్థ్యం ఏడాదికి 30 లక్షల టన్నులు. సంస్థ ప్రధాన కార్యాలయం హైదరాబాద్‌లో ఉంది. ఇంత పెద్ద పరిశ్రమ వచ్చిన ప్రాంతంలో జనం మాట్లాడే హల్బీ, భత్రీ, గోండీ భాషలకు మాత్రం కంప్యూటర్‌లో ఇంకా సరైన చోటు దొరకలేదు. కోడ్ ఎక్కడి నుంచైనా రాయవచ్చు కదా, మరి ఈ లోటు ఎందుకు మిగిలింది? దీనికి జవాబు డెవలపర్ల సమావేశాల చరిత్రలో దొరుకుతుంది.

చారిత్రక నేపథ్యం

1975 మార్చి 5న కాలిఫోర్నియాలోని మెన్లో పార్క్‌లో, గోర్డన్ ఫ్రెంచ్ ఇంటి గ్యారేజీలో హోమ్‌బ్రూ కంప్యూటర్ క్లబ్ తొలి సమావేశం జరిగింది. స్టీవ్ వోజ్నియాక్ తాను తయారుచేసిన ఆపిల్-1ను ఈ క్లబ్ సభ్యుల ముందే ప్రదర్శించారు. సంస్థల గోడలు దాటి ఇంజినీర్లు ఒకరితో ఒకరు స్వేచ్ఛగా మాట్లాడుకోవడం సిలికాన్ వ్యాలీకి బలమైందని, బోస్టన్ దగ్గరి రూట్ 128 కంపెనీలు తమలో తాము ముడుచుకుపోయి వెనకబడ్డాయని ఆనాలీ సాక్సేనియన్ 1994లో విశ్లేషించారు.

దీని వెనక ఉన్న కారణాన్ని మైకేల్ పొలాన్యీ 1966లోనే చర్చించారు. నైపుణ్యంలో కొంత భాగం మాటల్లో పెట్టలేనిది. పక్కన ఉండి చూస్తేనే అబ్బుతుంది.

ప్రతివాదన

1991లో మొదలైన లినక్స్‌ను వేర్వేరు దేశాలవారు ఈమెయిళ్ల ద్వారానే నిర్మించారు. కాబట్టి కలవకుండా సాఫ్ట్‌వేర్ తయారు కాదనడం సరికాదు. అయితే ఆ బృందం కూడా 2001లో కెర్నల్ సమ్మిట్ పేరుతో ఒకచోట కలవడం మొదలుపెట్టింది. పని దూరం నుంచి సాగినా, చిక్కుముడులు విప్పుకోవడానికి ఎదురెదురుగా కూర్చోవలసి వచ్చింది.

గోండీ అనుభవం

2011 జనగణన ప్రకారం గోండీ మాట్లాడేవారు సుమారు 29.8 లక్షల మంది. ఈ భాష ఎనిమిదో షెడ్యూల్‌లో లేదు. తెలుగు, మరాఠీ, హిందీ ప్రభావాల వల్ల ప్రాంతానికో తీరుగా మారింది. ఏ మాటను ప్రామాణికంగా తీసుకోవాలో డెవలపర్ ఒక్కడే తేల్చలేడు. అందుకే పలు రాష్ట్రాల గోండీ ప్రజలు వరుస కార్యశాలల్లో కూర్చుని ఉమ్మడి నిఘంటువు తయారుచేశారు. అది 2018లో వెలువడింది. శుభ్రాంశు చౌదరి 2010లో ప్రారంభించిన సీజీనెట్ స్వర ఇందులో భాగస్వామి. ఆ సంస్థతో కలిసి మైక్రోసాఫ్ట్ రీసెర్చ్ ఇండియా గోండీ యంత్రానువాదంపై పనిచేసింది.

తెలంగాణలోనూ ఇలాంటి ఉదాహరణే ఉంది. ఆదిలాబాద్ ప్రాంతంలోని గుంజాల గ్రామంలో దొరికిన రాతప్రతుల లిపిని చదవగలిగినవారు కొద్దిమంది పెద్దలే. హైదరాబాద్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఆ ఊరికి వెళ్లి వారితో పనిచేశారు. 2018లో గుంజాల గోండీ లిపి యూనికోడ్‌లో చేరింది. పెద్దల జ్ఞాపకంలో ఉన్నదాన్ని ఇంటర్నెట్‌లో వెతికి తెచ్చుకునే వీలు లేదు.

పరిమితులు

సమావేశం దానంతటదే మేలు చేయదు. ప్రయాణ ఖర్చు భరించలేనివారు, ఇల్లు విడిచి రాలేని మహిళలు, చిన్న ఊళ్ల విద్యార్థులు బయటే మిగిలిపోతారు. 2015లో మొదలైన హైదరాబాద్ టీ-హబ్ లాంటి వేదికలు మహానగరాల్లోనే ఉంటే, బస్తర్ యువత ఆ గదిలోకి చేరేదెలా?

ముగింపు

బస్తర్ వారపు సంతలో సరుకుతో పాటు కబురు, చుట్టరికం, నమ్మకం కూడా చేతులు మారతాయి. డెవలపర్ల సమావేశమూ అలాంటిదే. దాని విలువను హాజరైన వారి సంఖ్యతో కాక, ఎక్కడ జరిగింది, ఎవరి భాషలో జరిగింది అన్న దానితో కొలవాలి. జగదల్‌పూర్‌లోనో నగర్‌నార్‌లోనో హల్బీ, భత్రీ, గోండీ మాట్లాడేవారి పక్కన డెవలపర్లు కూర్చున్న రోజున, బస్తర్‌కు ఉక్కుతో పాటు తన మాట కూడా దక్కుతుంది.

సాధన ప్రశ్న: "సాంకేతికత దూరాన్ని తగ్గించింది కానీ, ముఖాముఖి సంభాషణ అవసరాన్ని తగ్గించలేదు." గిరిజన భాషల డిజిటలీకరణ నేపథ్యంలో చర్చించండి. (250 పదాలు)