“ఆఫ్రికా” అని పిలిస్తే పలకని తమ్ముడు

డ్యూటీలో ఉండి ఎపిసోడ్ వినడం కుదరని వాళ్ళ కోసం ఆ ముచ్చటే ఇక్కడ రాస్తున్నాను.

మస్కట్‌లో మా గోడౌన్‌లో ఒక కెన్యా తమ్ముడున్నాడు. రెండేళ్ళుగా అతన్ని మేమంతా “ఆఫ్రికా” అనే పిలిచాం. ఒక రాత్రి టీ తాగుతుంటే నన్నడిగాడు: “నిన్ను ‘ఆసియా’ అని పిలిస్తే పలుకుతావా అన్నా?” సిగ్గేసింది. అప్పట్నుంచి వాళ్ళ దేశం గురించి అడిగి, చదివి తెలుసుకున్నాను.

కెన్యా సరిగ్గా భూమధ్యరేఖ మీద ఉంది. ఆగ్నేయాన హిందూ మహాసముద్రం, పడమట విక్టోరియా సరస్సు. తీరంలో కొబ్బరిచెట్లు, ఉక్కపోత. లోపలికి వెళ్ళేకొద్దీ ముళ్ళపొదల మెట్టనేల, ఆపైన చల్లని ఎత్తు భూములు, టీ తోటలు. ఉత్తరం నుంచి దక్షిణం దాకా నేల చీలినట్టు రిఫ్ట్ లోయ. 5,199 మీటర్ల కెన్యా పర్వతం మీద ఆ ఎండల దేశంలోనూ మంచుంటుంది.

నేలను బట్టే బతుకులు. కొండ చుట్టూ సేద్యం చేసే కికుయులు, సరస్సు ఒడ్డున చేపలు పట్టే లువోలు, గడ్డిమైదానాల్లో పశువులు కాసే మాసాయిలు. ఇలా నలభైకి పైగా జాతులు. వాళ్ళను కలిపేది స్వాహిలి భాష. అందులో కొట్టును ‘దుకా’ అంటారు, రంగును ‘రంగి’, లెక్కను ‘హెసాబు’. చాయ్, చపాతీ సంగతి చెప్పక్కర్లేదు! సముద్రం మీద వ్యాపారం మోసుకెళ్ళిన మాటలివి. మొంబాసాలో పోర్చుగీసులు కట్టిన కోటను 1698లో గెలిచింది కూడా ఈ ఒమానీలే.

1896లో బ్రిటిష్ వాళ్ళు మొంబాసా నుంచి రైలు పట్టాలు వేయడం మొదలుపెట్టారు. 1901కి పట్టాలు విక్టోరియా సరస్సు చేరాయి. ఆ పనికి మన దేశం నుంచి సుమారు 32,000 మంది కూలీలను కాంట్రాక్టు మీద తీసుకెళ్ళారు. ఎక్కువమంది పంజాబీలు. దాదాపు 2,500 మంది తిరిగి రాలేదు, అక్కడే చనిపోయారు. లెక్కేస్తే మైలుకు నలుగురు. త్సావో సింహాల కథ అందరికీ తెలుసు, ఈ లెక్క ఎంతమందికి తెలుసు? 1899లో పట్టాల సామాను దించిన డిపోయే నేటి నైరోబీ.

అయితే ఆ రైలెక్కి తెల్లదొరలూ వచ్చారు. ఎత్తు భూములు లాక్కున్నారు. కికుయులు సొంత నేల మీదే కూలీలయ్యారు. ఆ మంటే 1950ల్లో మౌ మౌ తిరుగుబాటైంది. 1963 డిసెంబర్ 12న స్వాతంత్ర్యం వచ్చింది.

మన కూలీలు ప్రాణం పెట్టి వేసిన దారే ఇంకొకరి భూమి పోవడానికి దారైంది. కూలీకి ఆ సంగతి ఎవరు చెప్తారు? మనం ఇక్కడ కట్టేవి ఎవరికోసమో మనకు మాత్రం ఎవరు చెప్పారు?

పని అయ్యాక అక్కడే ఉండిపోయిన మనవాళ్ళ పిల్లలూ, వెనక వెళ్ళిన వ్యాపారుల పిల్లలూ ఇప్పుడు కెన్యా పౌరులు. 2017లో వాళ్ళను దేశంలో 44వ జాతిగా ప్రభుత్వం గుర్తించింది. ఆ జాతికి అక్కడున్న పేరేంటో తెలుసా? ‘ఆసియన్లు’!

ఇది చెప్తే తమ్ముడు పడీ పడీ నవ్వాడు. ఇప్పుడు నేనతన్ని పేరుతోనే పిలుస్తున్నాను. అతనిది పట్టాలు ఆగిన చోటు, కిసుము.

మీ రూంలో, మీ సైట్‌లో కెన్యా వాళ్ళుంటే ముందు ఊరి పేరడగండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.